న్యూజిలాండ్ వదిలి టోకెలావ్‌కు వెళ్లిపోయేవాళ్లు: రెండు చోట్ల బతుకు గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గౌతమీతీరం:
అందరికీ నమస్కారం. మేము వెల్లింగ్టన్ పక్కన లోయర్ హట్‌కు వచ్చి కొంతకాలమైంది. నేను పనిచేసే గోడౌన్‌లో సూపర్‌వైజర్ టోకెలావ్ మనిషి. ఈమధ్య వాళ్లమ్మను ఓడ ఎక్కించడానికి సమోవా దాకా వెళ్లి వచ్చాడు. ఆవిడ పెద్దావిడ. ఇక్కడ కొడుకులు, కోడళ్లు, సొంతిల్లు, నడిచి వెళ్లేంత దూరంలో డాక్టరు, అన్నీ ఉన్నాయి. అయినా చలి ముదరకముందే వెళ్లిపోయింది. మళ్లీ వస్తుందన్న నమ్మకం అతనికే లేదు.

నేను చదివి తెలుసుకున్నది ఇది. టోకెలావ్ అంటే అటాఫు, నుకునోను, ఫకావోఫో అని మూడు పగడపు దిబ్బల వలయాలు. సమోవాకు ఉత్తరంగా దాదాపు 500 కిలోమీటర్లు. మూడింటి నేలా కలిపితే 12 చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూ. 2016 లెక్కల్లో జనం 1,499 మంది. అది న్యూజిలాండ్ కింద ఉన్న ప్రాంతం కాబట్టి వాళ్లంతా న్యూజిలాండ్ పౌరులే. విమానాశ్రయం లేదు. ఇటు న్యూజిలాండ్ నేల మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినంత ఉంటుంది, జనం మాత్రం 50 లక్షల పైచిలుకే.

పాస్‌పోర్టు ఒకటే, డాలరు ఒకటే. మరి ఇక్కడి సౌకర్యాలన్నీ వదులుకుని వెళ్లేవాళ్లకు అక్కడ ఏం దొరుకుతోంది? ఏం పోతోంది? దగ్గర నుంచి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నైట్‌డ్యూటీ సిస్టర్:
గౌతమీతీరం గారూ, నేను ఇక్కడ నర్సుని. కాబట్టి పోయేదాని గురించే ముందు చెబుతాను. మూడు దీవుల్లో తలా ఒక చిన్న ఆసుపత్రి ఉంది. జ్వరాలు, దెబ్బలు, బీపీ షుగర్ మందులు, అక్కడిదాకా సరిపోతుంది. అంతకు మించితే సమోవా రాజధాని అపియాకు పంపాలి. అది ఒక రోజుకు పైబడిన సముద్ర ప్రయాణం, అదీ ఓడ అందుబాటులో ఉంటే. అక్కడా కుదరకపోతే న్యూజిలాండ్‌కు పంపిస్తారు. గుండెనొప్పి వచ్చిన మనిషికి ఆ ఒక్క రోజు ఎంత పొడుగో నాకు తెలుసు. ఇక్కడైతే 111కు ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది. జారిపడి కాలు విరిగితే తప్పు ఎవరిదని అడగకుండా ఏసీసీ అనే ప్రభుత్వ ప్రమాద బీమా సంస్థ నుంచి వైద్యం ఖర్చు, జీతంలో కొంత భాగం వస్తాయి.

ఇక రెండో వైపు. ఇక్కడి అద్దె ఇళ్ల సంగతి మీకు ఇంకా పూర్తిగా తెలిసి ఉండదు. చలికాలం గోడలకు చెమ్మ, కిటికీల అంచుల్లో నల్లటి బూజు. పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు చాలావరకు ఇరుకు ఇళ్లలో ఎక్కువమంది ఉంటారు. గొంతు నొప్పితో మొదలై గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ ఫీవర్ ఈ దేశంలో ఇంకా పోలేదంటే, అది ఎక్కువగా ఈ దేశపు మూలవాసులైన మావోరీ పిల్లలకు, పసిఫిక్ పిల్లలకే వస్తోందంటే, కారణాల్లో ఆ ఇళ్లు కూడా ఉన్నాయి. అద్దె ఇళ్లన్నిటికీ హీటరు, ఇన్సులేషన్ ఉండాలన్న నిబంధన పూర్తిగా అమల్లోకి వచ్చింది 2025 జులై 1న. అంటే నిన్నగాక మొన్న. ఆ పెద్దావిడ కీళ్లనొప్పులతో, ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్ నెల చూసి భయపడిందంటే నాకేమీ వింతగా లేదు.

సూటిమాట:
చలి ఎక్కువని జనం వెళ్లిపోరండీ, హీటరు కొనుక్కుంటారు. నాకైతే ఇది పెద్దవాళ్లకు ఉండే మమకారం, అంతే అనిపిస్తుంది. 2018 జనగణనలో న్యూజిలాండ్‌లో ఉన్న టోకెలావ్ వాళ్లు 8,600 పైన. దీవుల్లో ఉన్నది 1,500. ఆ జాతి ఎక్కడ బతకదలుచుకుందో ఆ అంకెలే చెబుతున్నాయి. పైగా నేల సముద్రం మీద మూడు నుంచి ఐదు మీటర్ల ఎత్తు. రేపు నీళ్లు పెరిగితే ఎక్కడికి పోతారు?

లైట్‌హౌస్ విశాఖ:
నేను మర్చంట్ నేవీలో చేశాను. అక్కడ దిగలేదు కానీ ఆ వైపు నీళ్లలో తిరిగాను. ఒక విషయం అర్థం చేసుకోవాలి. అక్కడ రేవు లేదు. పగడపు గోడ నీళ్లలోంచి నిట్టనిలువుగా లేస్తుంది, దాని బయట సముద్రం లోతు ఎక్కువ, లంగరుకు పట్టు దొరకదు. ఓడ బయటే ఆగి ఉంటుంది. గోడలో తొలిచిన సన్నటి దారి గుండా పడవల్లో మనుషుల్ని, బియ్యం బస్తాల్ని ఒడ్డుకు చేరుస్తారు. అలలు పెద్దవైతే ఊరు కళ్ల ముందే కనిపిస్తున్నా దిగడానికి ఉండదు. గుండ్రటి పగడపు వలయం మధ్యలో ఉండే కయ్య, అంటే లోపలి నీటి మడుగు మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. పిల్లలు ఈత, పడవ నేర్చుకునేది అక్కడే.

2010లో అటాఫు నుంచి ముగ్గురు కుర్రాళ్లు చిన్న అల్యూమినియం పడవలో బయల్దేరి కొట్టుకుపోయారు. దాదాపు 50 రోజులు నీళ్ల మీదే. వెతికి వెతికి ఊళ్లో వాళ్లకు ఆఖరి ప్రార్థనలు కూడా జరిపేశారు. చివరకు ఫిజీ దగ్గరలో ట్యూనా చేపల ఓడ ఒకటి చూసి ముగ్గురినీ ప్రాణాలతో పైకి తీసింది. మా వాళ్లు ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకునేవాళ్లో. ఆ కుర్రాళ్లు వాననీళ్లు పట్టుకుని, దొరికిన చేప, పిట్ట తిని నిలబడ్డారు. పెద్ద దేశంలో పిల్లలు దారి తప్పితే పోలీసులు వెతుకుతారు. అక్కడ దారి తప్పడమంటే పసిఫిక్‌లో తప్పడం.

వానట్యాంకు:
నేను అపియాలో ఉండి నీటి పనులు చూశాను. టోకెలావ్‌కు పని మీద వెళ్లాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు నీళ్లు. పగడపు నేల జల్లెడ, వాన పడిందంటే కిందికి దిగిపోతుంది. ఏరు లేదు, చెరువు లేదు. ఇంటి కప్పు మీద పడ్డ వాన గొట్టాల గుండా ట్యాంకులోకి రావాలి, తాగడానికైనా వంటకైనా అదే. 2011లో నెలల తరబడి వాన ముఖం చాటేసింది. అక్టోబరులో అత్యవసర పరిస్థితి ప్రకటించి, అమెరికా కోస్ట్‌గార్డ్ ఓడలో నీళ్లు తెప్పించారు. చుట్టూ మహాసముద్రం, తాగడానికి సీసాల్లో నీళ్లు. అక్కడ ఇంటికి వెళ్తే ముందు మీ కళ్లు వెళ్లాల్సింది కప్పు వైపు. తుప్పు పట్టిన రేకు, ఆకులు అడ్డం పడ్డ గొట్టం ఉంటే ఆ ఇంటి నీళ్లు సగం పోయినట్టే.

తర్వాత కరెంటు. 2012 దాకా డీజిల్ జనరేటర్లు, అవీ రోజంతా కాదు. ఆ ఏడాది మూడు దీవుల్లో కలిపి 4,032 సోలార్ పలకలు, వాటికి బ్యాటరీలు పెట్టారు. కరెంటు దాదాపు మొత్తం ఎండ నుంచే తీసుకున్న తొలి ప్రాంతంగా లోకమంతా చెప్పుకుంది. ఆ తర్వాత డీప్ ఫ్రీజర్లు, ఫ్యాన్లు పెరిగి జనరేటర్లు మళ్లీ సాయం పట్టాల్సి వచ్చింది. అయినా అది చిన్న విషయం కాదు. పీపాల్లో డీజిల్ నింపి, పైన లైట్‌హౌస్ గారు చెప్పిన ఆ సన్నటి దారిలో అలల మీద దించడం ఎంత ప్రమాదమో, ఎంత ఖర్చో ఊహించండి.

ఇప్పుడు గౌతమీతీరం గారు అడిగిన అసలు ప్రశ్న. అక్కడ ఏం దొరుకుతుంది? వాటా దొరుకుతుంది. దాన్ని ఇనాతి అంటారు. ఊరి తరఫున మగవాళ్లు వేటకు వెళ్లి వస్తే చేపలన్నీ ఒక బహిరంగ స్థలంలో నేల మీద పరుస్తారు. నేను చూసిన రోజు ట్యూనా ఎక్కువ పడింది. పంచేవాళ్లు ఇద్దరు ముగ్గురు వంగి, ఇంటింటి మనుషుల లెక్క మనసులోనే పెట్టుకుని కుప్పలు వేస్తూ పోయారు. ఒక కుప్పలోంచి చేప తీసి ఇంకో దాంట్లో వేయడం, మళ్లీ ఒకసారి అన్నీ చూసుకోవడం. పెద్ద చేపకు చిన్న చేపలు ఎన్ని సాటి వస్తాయో వాళ్లకు చేతిలోనే లెక్క. చుట్టూ పిల్లలు బకెట్లు, గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. ఇంటి వంతు పిలవగానే ఒక పిల్లో పిల్లాడో వెళ్లి ఎత్తుకుంటారు. ఎవరూ బేరం ఆడలేదు, ఎవరూ మొహమాటపడలేదు. వేటకు వెళ్లలేని ముసలమ్మకు, భర్త పోయిన ఆవిడకు, మంచాన ఉన్నవాడికి అందరితో సమానంగా కుప్ప ఉంది. అది దానం కాదు, హక్కు. ఆ మనిషి ఆ ఊరివాడు, అంతే.

న్యూజిలాండ్‌లో పెద్దవాళ్లకు పింఛను వస్తుంది, నేను కాదనడం లేదు, గొప్ప ఏర్పాటు. కానీ అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. మనిషి గడపలోకి పిల్లాడు బకెట్ పట్టుకుని రాడు. మీ సూపర్‌వైజర్ అమ్మగారు దేని కోసం వెళ్లిందో నాకు అక్కడే అర్థమైంది.

నైట్‌డ్యూటీ సిస్టర్:
ట్యాంకు అన్నా, చాలా బాగా చెప్పారు. ఒకటి కలపాలి. ఆ చేప పక్కన ఇప్పుడు ఊరి సహకార దుకాణంలోని తెల్ల బియ్యం, పిండి, పంచదార, డబ్బా మాంసం కూడా ఉన్నాయి. కొబ్బరి, చేప, బ్రెడ్‌ఫ్రూట్ తిన్న తాతలకు లేని షుగర్ జబ్బు మనవలకు వస్తోంది. డయాబెటిస్ టోకెలావ్‌లోనూ, ఇక్కడి టోకెలావ్ కుటుంబాల్లోనూ పెద్ద సమస్యే. డయాలసిస్ దాకా వచ్చినవాళ్లు ఇష్టం ఉన్నా లేకపోయినా ఇక్కడే ఉండిపోతారు. ఊరికి వెళ్లి చనిపోతానని ఏడ్చినవాళ్లను చూశాను. ఎవరెవరన్నది రాయకూడదు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

కవరత్తి క్యాషియర్:
ఈ చర్చ చదువుతుంటే నాకు లక్షద్వీప్ కళ్ల ముందు కదిలింది. బ్యాంకు ఉద్యోగంలో కవరత్తిలో ఉన్నాను. అదీ పగడపు దీవే, అదే కయ్య, అవే కొబ్బరి చెట్లు, అదే ట్యూనా. కానీ తేడా చూడండి. కవరత్తిలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) వాళ్లు సముద్రపు లోతుల్లోని చల్లటి నీటిని వాడి రోజుకు లక్ష లీటర్ల మంచినీళ్లు చేసే ప్లాంటు 2005లోనే పెట్టారు. అగత్తిలో రన్‌వే ఉంది. కష్టమొస్తే హెలికాప్టర్‌లో కొచ్చికి పంపుతారు. లక్షద్వీప్ జనం 2011 లెక్కల్లో 64 వేల పైన. 64 వేల మందికి చేసే ఖర్చు 1,500 మందికి ఏ ప్రభుత్వమైనా చేస్తుందా? చిన్న దీవి బతుకు కష్టమా సుఖమా అన్నది ఆ దీవి ఎంత చిన్నదన్న దాన్ని బట్టే కాదు, వెనకాల ఉన్న పెద్ద దేశం ఎంత దూరంలో ఉంది, ఎంత పట్టించుకుంటుంది అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

సూటిమాట:
క్యాషియర్ గారూ, అదే నా ప్రశ్న. అంత పట్టించుకోకపోతే విడిపోయి సొంత దేశం పెట్టుకోవచ్చుగా? టోకెలావ్ చుట్టూ సముద్రంలో ట్యూనా లైసెన్సుల డబ్బు బాగానే వస్తుందట కదా.

వానట్యాంకు:
అడిగారు వాళ్లను, రెండుసార్లు. 2006లో, మళ్లీ 2007లో ఐక్యరాజ్యసమితి పరిశీలకుల ముందే ఓటింగ్ జరిగింది. న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధం ఉండే స్వపరిపాలన, అంటే బంధం పూర్తిగా తెంచుకోకుండా తమ పాలన తామే చేసుకోవడం కావాలా అని. మూడింట రెండొంతుల ఓట్లు రావాలని షరతు. మొదటిసారి 60 శాతం, రెండోసారి 64 శాతం. 2007లో పడిన 692 ఓట్లలో 446 అవును. ఇంకో 16 వచ్చి ఉంటే నెగ్గేది. దీవుల్లో ఉన్నవాళ్లకే ఓటు, ఇక్కడి వేలమందికి లేదు. దాని మీద ఇక్కడి కుటుంబాల్లో చాలా చర్చ జరిగింది.

నా అభిప్రాయం చెబుతాను. ఆ రెండొంతులు రాకపోవడం పిరికితనం కాదు. అమ్మ ఫకావోఫోలో, కొడుకు ఇక్కడ వెల్లింగ్టన్ పక్కన పొరిరువాలో, కూతురు ఆక్లాండ్‌లో ఉన్న ఇంటికి పాస్‌పోర్టు అంటే రాకపోకల దారి. అది ఏ మాత్రం ఇరుకైపోతుందేమో అన్న అనుమానం చాలు చెయ్యి వెనక్కి లాగడానికి. ఊరి పాలన ఎలాగూ వాళ్ల చేతిలోనే ఉంది. ప్రతి ఊరికీ తౌపులెంగ అనే పెద్దల సభ ఉంది. మూడు ఊళ్ల నాయకులు ఏడాదికొకరు చొప్పున టోకెలావ్ అధినేత అవుతారు, ఆయనతో పాటు రాజధాని కూడా ఆ దీవికి మారుతుంది. ఏ దీవీ మరో దీవి మీద పెత్తనం చేయకుండా ఇంత సులువైన ఏర్పాటు నేను వేరే ఎక్కడా చూడలేదు.

సూటిమాట గారు సముద్ర మట్టం గురించి అడిగినదానికి నా దగ్గర ఓదార్పు మాట లేదు. అలల అడ్డుగోడలు కడుతున్నారు. తుఫాను పెద్దదైతే అవి చాలవు. 1966 తుఫాను తర్వాతే కదా న్యూజిలాండ్ ప్రభుత్వం అక్కడి కుటుంబాలను ఇక్కడికి తరలించే పథకం పెద్ద ఎత్తున నడిపింది, 1976 దాకా. హట్ వ్యాలీలో ఇప్పుడున్న పెద్దవాళ్లలో చాలామంది అలా వచ్చినవాళ్లే. మనం అనుకునేట్టు అందరూ ఉద్యోగాల కోసం ఎగబడి రాలేదు.

పాత హోస్టల్ వెబ్‌మాస్టర్:
టోకెలావ్ అంటే నాకు ఒక్కటే గుర్తు, డాట్ టీకే! హైదరాబాద్‌లో బీటెక్ చదివిన రోజుల్లో కాలేజీ ఫెస్ట్‌కు సైటు పెట్టాలంటే మా అందరికీ దిక్కు అదే, ఉచితంగా ఇచ్చేవాళ్లు. అది టోకెలావ్ పేరు మీద ఉన్న వెబ్ చిరునామా అని కూడా తెలియదు. ఆ చిరునామాలు ప్రపంచమంతా కోట్లలో వాడుకున్నారు. మోసగాళ్లు కూడా వాడుకుని ఆ పేరు చెడగొట్టారు. ఆ దీవులకు టెలిఫోన్ సర్వీసు వచ్చింది 1997లో, సముద్రగర్భ కేబుల్ వచ్చింది 2022లో అని తర్వాత చదివాను. అంటే మేము వాళ్ల పేరుతో ఉచితంగా సైట్లు నడుపుకున్నప్పుడు వాళ్ల పిల్లలకు సరైన ఇంటర్నెట్ లేదు. ఈ మాట ఎక్కడైనా చెప్పాలని ఎప్పటినుంచో ఉంది.

పెటోనీ రమ:
నేను ఇక్కడి స్కూల్లో టీచర్ ఎయిడ్‌గా చేస్తున్నాను. పిల్లల వైపు నుంచి ఎవరూ రాయలేదు, అందుకే వచ్చాను.

అటాఫు నుంచో నుకునోను నుంచో కొత్తగా వచ్చిన పిల్లలను నేను గుర్తుపట్టగలను. తినే పెట్టె తెరిస్తే పక్కవాళ్లకు పెట్టకుండా తినరు. "ఇది నీది, నువ్వే తిను" అని టీచర్లు చెబుతుంటే ఆ పిల్లలు అయోమయంగా చూస్తారు. కొన్ని నెలల్లో నేర్చుకుంటారు, పెట్టె మూత దగ్గరికి లాక్కుని తినడం. నాకు అది చూడటం ఎప్పుడూ కష్టమే.

అలాగని అక్కడే ఉంచేయాలా అంటే, దీవికి ఒక్కటే స్కూలు. పై చదువులకు బయటికి రాక తప్పదు. పదహారు పదిహేడేళ్లకు పిల్లలు అమ్మానాన్నలను వదిలి సమోవాకో ఇక్కడికో వస్తారు. చదువుకున్న పిల్లల్లో ఎంతమంది తిరిగి వెళ్తారు? అక్కడ ఉన్న జీతాలు ఎక్కువగా ప్రభుత్వానివి, ఊరివి. ఇంజనీరుకో అకౌంటెంటుకో ఎన్ని ఉద్యోగాలు ఉంటాయి?

ఇంకో పక్క ఇక్కడ పుట్టిన పిల్లలు. టోకెలావ్ భాష మాట్లాడేవాళ్లు ఇక్కడి టోకెలావ్ జనాభాలో సగం కూడా లేరు. ఏటా అక్టోబరులో టోకెలావ్ భాషా వారోత్సవం చేస్తారు. మా స్కూల్లో కూడా చేశాం. నానమ్మలు వచ్చి పాట నేర్పితే పిల్లలు అర్థం తెలియకుండానే చక్కగా పాడారు. మన తెలుగు బడిలో ఆదివారం పొద్దున్న మా పిల్లలు పద్యం చెప్పేదీ అలాగే, అందుకే నాకు ఆ నానమ్మల ఆరాటం బాగా తెలుసు. మనకు వెనకాల కోట్లమంది మాట్లాడే గడ్డ ఉంది. వాళ్లకు ఆ 1,500 మందే. దీవుల్లో ఆ భాష ఆగిపోతే ఇంకెక్కడా మిగలదు. ఆ పెద్దావిడ అక్కడ ఉండటం ఆమె ఒక్కదాని సుఖం కోసమే అని నేను అనుకోను. మనవలు ఎండాకాలం సెలవులకు వెళ్తే నానమ్మతో మాట్లాడాలంటే ఆ భాష రావాలి కదా.

లైట్‌హౌస్ విశాఖ:
రమ గారూ, నిజం. అన్నట్టు అక్కడ క్రికెట్ కూడా ఉంది, కిలికితి అంటారు. మూడు పలకల గద లాంటి బ్యాటు, జట్టుకు ఇంతమందే అన్న లెక్క లేదు, ఊరంతా ఆడొచ్చు. ఎవరినీ బెంచీ మీద కూర్చోబెట్టరు. మన పిల్లలకు తప్పకుండా నచ్చుతుంది, హట్‌లో ఆడుతుంటే తీసుకెళ్లండి.

సూటిమాట:
అందరూ రాసింది చదివాను. నేను అంకెలు చూసి తీర్పు చెప్పాను గానీ 8,600 మంది ఇక్కడ ఉన్నారంటే అక్కడి 1,500 మందిని వదిలేసినట్టు కాదన్న కోణం బాగుంది. ఒక సందేహం మాత్రం అలాగే ఉంది. ఈ ఇనాతి, ఈ పెద్దల సభ, ఇవన్నీ పట్టి ఉంచేవి కూడా కదా? ఊరు చెప్పినట్టు వినని మనిషికి, ఒంటరిగా ఉండాలనుకునే మనిషికి, కొత్తగా ఏదైనా వ్యాపారం పెట్టాలనుకునే కుర్రాడికి అక్కడ చోటుందా?

వానట్యాంకు:
తక్కువ ఉంది, దాచడం ఎందుకు. సభ నిర్ణయిస్తే ఊరంతా పాటించాలి. ఒడ్డు శుభ్రం చేయాలన్నా, పడవ లాగాలన్నా ఔమంగ అనే ఊరి పనుల జట్టులో ఉన్న, పని చేయగల వయసు మగవాళ్లు రావాల్సిందే. ఆడవాళ్లకు వాళ్ల సంఘం ఉంది, ఇళ్ల శుభ్రత నుంచి చాపల అల్లిక దాకా అది చూస్తుంది. ఆదివారం ఊరంతా చర్చిలో ఉంటుంది. న్యూజిలాండ్‌లో పక్కింటివాడు ఏం చేస్తున్నాడో ఎవరికీ పట్టదు. కొందరికి అదే ఊపిరి. అక్కడి నుంచి ఇటు వచ్చిన కుర్రాళ్లు నాతో ఈ మాటే చెప్పారు. అయితే అదే కట్టుబాటు వల్ల కోవిడ్ లోకమంతా తిరిగినా 2022 డిసెంబరు దాకా ఆ దీవుల్లో ఒక్క కేసూ రాలేదు. ఓడ రావొద్దు అంటే ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది.

గౌతమీతీరం:
ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు టీ బ్రేక్‌లో మా సూపర్‌వైజర్‌ను ఇనాతి గురించి అడిగాను. మొహం వెలిగిపోయింది. వాళ్లమ్మ వాటా ఇప్పుడు ఎవరు ఎత్తుకొస్తున్నారని అడిగితే, అన్న మనవడు అని చెప్పాడు. ఇక్కడ కూడా వాళ్ల చర్చిలో ఎవరింట్లోనైనా చావు వస్తే ఇంటింటికీ ఇంత అని డబ్బు, చాపలు, వంట పంచుకుంటారట. "అది కూడా ఇనాతే" అన్నాడు.

మా ఆవిడా నేనూ ఒకసారి వెళ్లి చూడాలనుకుంటున్నాం. ట్యాంకు అన్నా, ఎలా వెళ్లాలి?

వానట్యాంకు:
టూరిస్టుగా టికెట్ కొనుక్కుని దిగేయడం కుదరదు. ముందు అపియాలో టోకెలావ్ కార్యాలయానికి రాయాలి, వాళ్ల ద్వారా మీరు వెళ్లే ఊరి తౌపులెంగ అనుమతి రావాలి. ఓడలో దీవులవాళ్లకు, రోగులకు, పిల్లలకు ముందు చోటు, మిగిలితే మనకు. కాబట్టి సెలవు ఎక్కువ పెట్టుకోండి, తిరుగు ప్రయాణం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. హోటళ్లు అంటూ పెద్దగా ఉండవు, ఎవరింట్లోనైనా ఉండాల్సి వస్తుంది. మీకు సూపర్‌వైజర్ గారి ఇల్లు ఉంది కాబట్టి ఆయన చేతే ఉత్తరం రాయించండి. వాంతుల మందు తీసుకెళ్లండి, ఆ ఓడ బాగా ఊగుతుంది. ప్లాస్టిక్ సామాను మాత్రం వీలైనంత తగ్గించండి, అక్కడ చెత్త వేయడానికి జాగా లేదు. ఆవిడకు ఏం కావాలో కొడుకునే అడగండి, మందులు ఉంటే మందులే ముందు.